మూడో శ్రేణి వీరురాలికి మొదటి శ్రేణి సన్మానం

"అసువానో జిల్లా ప్రజలారా! ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన ప్రభుత్వం ఆకాశంలో ఎగిరే వీరుల్నే కాదు, నేల మీద నడిచే వీరుల్ని కూడా గుర్తుపెట్టుకుంది. ఈ సంవత్సరాన్ని అట్టడుగు వీరుల సంవత్సరంగా ప్రకటిస్తున్నాం. జిల్లాలో అట్టడుగు వీరులెవరైనా ఉంటే నాలుగు పాస్‌పోర్టు సైజు ఫోటోలతో ఆఫీసుకు రావలెను. ఎవరి శక్తిని వారే ధ్రువీకరించుకొనరాదు."

మైకు వ్యాను లారీ స్టేషను చుట్టూ మూడుసార్లు తిరిగి ఈ మాట చెప్పింది. నాలుగోసారి పెట్రోలు అయిపోయి నా కొట్టు ముందు ఆగిపోయింది. మైకు మాత్రం ఆగలేదు. అందుకే ప్రకటన నాకు కంఠతా వచ్చేసింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా మీకు చెప్పగలుగుతున్నాను.

నా కొట్టు పేరు 'దేవుడి సమయమే ఉత్తమం బోర్డుల దుకాణం'. జిల్లా అధిపతి హానరబుల్ ఎబో క్వాన్సా-డాడ్జీ గారు ప్రారంభించిన ప్రతి వస్తువు మీదా ఆయన పేరు నా చేతిరాతే. మంచినీళ్ళ కుళాయి, బస్ షెల్టరు, ఆస్పత్రి గది, అన్నిటికీ ఫలకాలు నేనే రాశాను. వాటిలో కొన్ని వస్తువులు తర్వాత రాలేదు గానీ, ఫలకాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

వీరుల సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన దేశంలో వీరులు మూడు శ్రేణులు. మొదటి శ్రేణివాళ్ళు రాజధానిలో ఉంటారు. స్వాతంత్ర్య దినం నాడు రంగురంగుల కెంటె నేత దుప్పట్లు భుజాన కట్టుకుని మంత్రుల నెత్తిమీదుగా ఎగురుతారు. మిగతా రోజులన్నీ ఎగరడానికి సిద్ధంగా ఉంటారు. రెండో శ్రేణివాళ్ళు పెద్ద ఊళ్ళలో ఉండి ఆ దుప్పట్లు ఇస్త్రీ చేయిస్తారు. మూడో శ్రేణివాళ్ళు మా బోటి జిల్లాల్లో ఉంటారు. వాళ్ళకు ఒక టోపీ ఇస్తారు, స్టాకులో ఉంటే.

మా జిల్లాకు మంజూరైనవాళ్ళు ముగ్గురు. ఒకాయన కరెంటు పోయే సంగతి ఐదు నిమిషాల ముందే చెప్పగలడు, ఆపలేడు. రెండో ఆయన ఎలాంటి ప్రభుత్వ కాగితాన్నయినా ఒక్కసారి చదివి అర్థం చేసుకోగలడు. ఆయన్ని చేరిన వారంలోనే ఉత్తర సరిహద్దుకు బదిలీ చేశారు. మూడో మనిషి ఆరబా బొండ్జీ. ఊరందరికీ ఆంటీ ఆరబా. సంతలో కెంకె అనే మొక్కజొన్న ముద్దలూ వేయించిన చేపలూ అమ్ముతుంది.

ఆవిడ శక్తి చిన్నది. పడబోతున్న వస్తువుకి రెండు అరచేతులూ ఆనిస్తే అది పడదు. ఆవిడ ఎత్తదు, నెట్టదు, బియ్యం బస్తా కూడా కదపలేదు. చేతులు ఆనించినంతసేపూ ఆ వస్తువు నిలబడుతుంది. ఒక చెయ్యి తీస్తే పడుతుంది. మంగళవారం, శుక్రవారం మాకు సంత. ఆ రెండు రోజులూ ఆవిడ కెంకె గంపని చెల్లెలికి అప్పజెప్పి, అబోడొం ఏటి వంతెన దగ్గరకు పోయి, ఒడ్డు పక్క స్తంభానికి చేతులు ఆనించి నిలబడేది. ఆ స్తంభం ఏటివైపు ఒరిగి ఆరేళ్ళయింది. పైన నాలుగొందల మంది ఆడవాళ్ళు టమాటా గంపలూ కర్రపెండలం బస్తాలూ నెత్తిన పెట్టుకుని దాటుతారు. ఏరు నడుం లోతే గానీ, వంతెనతో పాటు పడితే లోతుతో పనేముంది?

ప్రకటన వచ్చిన మర్నాడు నేను హానరబుల్ గారి గది తలుపుకి కొత్త బోర్డు బిగిస్తున్నాను. పాతదాంట్లో ఆయన పేరు ముందు 'డాక్టర్' లేదు. అప్పుడే ఆంటీ ఆరబా వచ్చి, అరటాకులో చుట్టిన పొట్లం ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఏంటిది? చేపా?" అన్నారు హానరబుల్ గారు ఆశగా.

"వంతెన."

"మొత్తమా?"

"ఇప్పటికింతే. మిగతాది కూడా వస్తోంది."

పొట్లంలో గుప్పెడు కాంక్రీటు ముక్కలున్నాయి. హానరబుల్ గారు ఒకదాన్ని వేలితో నొక్కారు. అది కర్రపెండలం పిండిలా రాలింది. ఆయన చెయ్యి దులుపుకున్నారు.

"చూడు ఆరబా, ఆ వంతెన రెండేళ్ళ కిందటే రిపేరైంది. ఫలకం ఉంది. అదుగో, రాసినాయన అక్కడే ఉన్నాడు. ఏం మాస్టారూ, రాశావా లేదా?"

"రాశానండి. బంగారు రంగుతో," అన్నాను. ఆ రిపేరులో కొత్తగా వచ్చింది ఆ ఫలకం ఒక్కటే కాబట్టి శ్రద్ధగా రాశాను.

"విన్నావా? రిపేరైన వంతెనని మళ్ళీ రిపేరు చేస్తే మొదటి రిపేరుని అవమానించినట్టు కాదూ?"

"నా చేతులు తిమ్మిరెక్కిపోతున్నయి సార్. ఇప్పుడు సంత లేని రోజున కూడా అది కదులుతోంది. ఒక్కదాన్ని ఎన్నాళ్ళు పట్టుకుంటాను? పై ఆఫీసుకి పద్నాలుగు అర్జీలు పెట్టాను. ఇంక రేడియోలో చెప్తాను. పొద్దున ప్రోగ్రాంకి ఫోన్ చేసి పేరూ ఊరూ చెప్పి మరీ అడుగుతాను."

రేడియో మాట వినగానే హానరబుల్ గారు కుర్చీలో సర్దుకున్నారు. ఎన్నికలకు ఏడు నెలలే ఉన్నాయి. సెక్రటరీ అబేకా ఆయన చెవి దగ్గర వంగాడు. మామూలుగా ఇలాంటి మాటలు పైకి వినపడవు, కానీ నేను నిచ్చెన మీద ఉన్నాను.

"సార్, ఈమెకి గద్దె ఇచ్చేద్దాం. అభివృద్ధి రాణి. ఊరి పెద్దలు మన మాట కాదనరు."

"దాంతో ఏమవుద్దయ్యా?"

"రాణి నోరు తెరిచి జనంతో మాట్లాడకూడదు కదండీ. ఏదన్నా ఒచామెతో మెల్లిగా చెప్పాలి. ఒచామె దాన్ని అందంగా చేసి పైకి చెప్తాడు. ఆ ఒచామెని మనం పెట్టుకుందాం."

హానరబుల్ గారి మొహం వెలిగిపోయింది. మూడో శ్రేణి వీరురాలి మీద ఆయనకు అంతటి గౌరవం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆంటీ ఆరబా మొదట ఒప్పుకోలేదు. "నాకు గద్దెలెందుకు సార్, సిమెంటివ్వండి," అంది. అప్పుడాయన, మామూలు మనిషి అర్జీ సొరుగులో పడుతుందనీ, రాణి అర్జీ తిన్నగా రాజధానికి పోతుందనీ చెప్పారు. వంతెన కోసమే ఆవిడ సరేనంది. ఆ మాట ఇక్కడ రాయకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది.

ఒచామెగా అటో అనే ఆయన వచ్చాడు. ఆయన పార్టీ ప్రచార కార్యదర్శి, పైగా హానరబుల్ గారి బావమరిది. బంగారు పూత కర్ర పట్టుకుని, తెల్లబట్ట భుజాన వేసుకుని, గద్దె ఎక్కిన రాణికి కట్టుబాట్లు చదివి వినిపించాడు. గద్దె ఎక్కినవాళ్ళని మా దగ్గర 'నానా' అని పిలవాలి.

"నానా, ఈ రోజునుంచి మీరు నలుగురిలో తినకూడదు. నెత్తిన బరువు మొయ్యకూడదు. ఎవరి మీదా కేకలెయ్యకూడదు. ముఖ్యంగా మీ పాదం ఉత్త నేలని తాకకూడదు. తాకితే ఊరికి అరిష్టం. చెప్పులు కాలినుంచి జారిన క్షణమే మీరు రాణి కాదు."

"మరి వంతెన దగ్గరికెలా పోను? స్తంభం కిందంతా బురద. చెప్పులతో నిలబడితే జారిపోద్ది."

"అబ్బెబ్బే! జనం పైన నడుస్తుంటే వాళ్ళ కాళ్ళ కింద రాణి నిలబడటమా? ఏం మాటలు నానా అవి!"

"అయితే ఎవరు పట్టుకుంటారు దాన్ని?"

హానరబుల్ గారు ఆ సంగతి ముందే ఆలోచించారు. మర్నాడే నాకు ఆర్డరు వచ్చింది. ఆంటీ ఆరబా నిలువెత్తు బొమ్మ, రెండు చేతులూ చాపి ఉన్నట్టు, ప్లైవుడ్ మీద, మంచి ఎనామిల్ పెయింటుతో. బొమ్మని స్తంభం దగ్గర పాతారు. బొమ్మ సెలవు పెట్టదనీ, అర్జీలు రాయదనీ హానరబుల్ గారు దాని ప్రారంభోత్సవంలో అన్నారు. చేతులు అచ్చం ఆవిడవేనని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పుకి సంతోషించానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

తర్వాతి శుక్రవారం దర్బారు పెట్టారు. స్థలం వంతెన మీదే. రాణిగారు అందరికన్నా ఎత్తులో కూర్చోవాలి, మా ఊళ్ళో అంతకన్నా ఎత్తైన ప్రభుత్వ నిర్మాణం లేదు. పైగా వంతెన గట్టితనం నలుగురూ చూస్తారని సెక్రటరీ అబేకా ఆలోచన. మూడొందల కుర్చీలు వేశారు. నాలుగు షామియానాలు, బ్యాండు మేళం, రెండు చర్చిల గాయకబృందాలు, ఏనుగు పిల్లంతేసి రెండు డోళ్ళు. నేను ఒడ్డునే, నా బొమ్మ పక్కన నిలబడ్డాను. ఎనామిల్ తుడవడానికి ఎవరో ఒకరుండాలి.

హానరబుల్ గారి ఉపన్యాసం గంట దాటేసరికి స్తంభం మూలిగింది. కింద ఉన్న నాకూ వినపడింది, పైన గద్దె మీద ఉన్న ఆంటీకీ తెలిసిపోయింది. ఆరేళ్ళు చేతులు ఆనించిన స్తంభం కదా. ఆవిడ అటో వైపు వంగింది.

"అటో, జనాన్ని దించమను. వంతెన ఒరుగుతోంది."

అటో కర్ర పైకెత్తి మైకు అందుకున్నాడు. "నానా అంటున్నారు: ఈ జనసముద్రాన్ని చూసి వంతెన కూడా వినయంతో తల వంచుతోంది!"

చప్పట్లు. డోళ్ళు.

"నీ నోట్లో మన్ను పొయ్య! నేనన్నది అన్నట్టు చెప్పు!"

"నానా అంటున్నారు: ఈ మన్ను మీద పుట్టడం నా పూర్వజన్మ సుకృతం!"

ఇంకా పెద్ద చప్పట్లు. కింద ఉన్న నాకే వినపడ్డాయి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు ఆవిడ మాటలు స్పష్టంగా వినపడే ఉంటాయి. కానీ రాణి మాట చెవిన పడినా, ఒచామె చెప్పేదాకా పడనట్టే కూర్చోవాలి. మా వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు, అలాగే కూర్చున్నారు.

ఆంటీ ఇంక ఆగలేకపోయింది. గద్దె మీదే లేచి నిలబడి, "పడిపోతోంది, లేవండర్రా!" అని అరిచింది.

"నానా అంటున్నారు: లేవండి! హానరబుల్ గారికి లేచి నిలబడి జేజేలు కొట్టండి!"

మూడొందల మంది లేచి కాళ్ళు నేలకేసి తాటించారు. స్తంభం నా కళ్ళముందే జానెడు కదిలింది. నా బొమ్మ చేతులు చాపుకుని అలాగే చూస్తోంది.

అప్పుడు ఆంటీ ఆరబా వంగి, ఒక చెప్పు విడిచింది. తర్వాత రెండోది. డోళ్ళు ఆగిపోయాయి. ఉత్త పాదాలతో ఆవిడ వంతెన మీంచి పరుగెత్తుకొచ్చి, ఒడ్డు మీంచి జారుకుంటూ దిగి, నా బొమ్మని కాలితో తన్ని, మోకాలి లోతు బురదలో నిలబడి స్తంభానికి రెండు చేతులూ ఆనించింది. మూలుగు ఆగింది. బంగారు గాజులు మోచేతి దాకా జారాయి.

"దిగండి! అందరూ దిగండి!" అని కింద నుంచి కేకేసింది.

పైన ఎవరూ దిగలేదు. రాణి పాదం నేల తాకింది! అంతకన్నా పెద్ద ప్రమాదం ఊరి చరిత్రలో లేదు. పెద్దలు అక్కడికక్కడే పంచాయితీ మొదలెట్టారు. అపచారానికి రెండు గొర్రెలు చాలని కుడి వరస, మూడు కావాలని ఎడమ వరస. రెండు చెప్పులు గనుక రెండు గొర్రెలని ఒకాయన. పరిగెత్తింది గనుక అడుగుకో గొర్రె అని ఇంకొకాయన. వీటి మధ్యలో ఎవరో భయస్తుడు లేచి దిగబోతే సెక్రటరీ అబేకా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. హానరబుల్ గారు లేవకుండా ఎవరూ లేవకూడదు, వందన సమర్పణ కాకుండా హానరబుల్ గారు లేవకూడదు.

పంచాయితీ మూడున్నర గొర్రెల దగ్గర తేలింది. తర్వాత వందన సమర్పణ, ముగింపు ప్రార్థన, గ్రూప్ ఫోటో. మొత్తం మూడు గంటలు. కింద ఆంటీ పక్కకి ఒరిగిపోకుండా నేను ఆవిడ భుజాలు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే, దాని మీద నా పేరు లేదు.

"ఇంకా ఎంతసేపు మాస్టారూ?"

"ఫోటోకి పొడుగువాళ్ళని వెనక్కి పంపుతున్నారు ఆంటీ."

ఆ సాయంత్రమే హానరబుల్ గారు రేడియోలో మాట్లాడారు. మూడొందల మంది మూడు గంటలు డోళ్ళతో సహా వంతెన మీద ఉన్నా చిన్న పెచ్చు కూడా రాలలేదనీ, ఇంతటి లోడ్ టెస్టు ఈ దేశంలో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదనీ అన్నారు. ఇంజనీరు సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఆయన రాజధానిలోనే ఉండి రాశాడు గనుక ఎలాంటి ఒత్తిడికీ లొంగలేదు. దాంతో జనాన్ని ఎక్కించుకునే ట్రోట్రో వ్యాన్లు కూడా ఇకనుంచి వంతెన మీదుగానే పోవాలని ఆర్డరేశారు. మా వంతెన 'ఉత్తమ నిర్వహణ' బహుమతికి కూడా ఎంపికైంది.

వ్యాన్లు రావడంతో ఆంటీకి కదిలే వీలు లేకపోయింది. శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం ఆవిడ అక్కడే. సంత ఆడవాళ్ళు వంతులేసుకుని నోటికి కెంకె అందించేవారు, నడుం కింద స్టూలు పెట్టి ఆనుకోనిచ్చేవారు, తలకి గొడుగు పట్టేవారు. రాణి కాదు గనుక ఇప్పుడు ఎవరి ముందైనా తినొచ్చు. వాళ్ళు మాత్రం గంపలెత్తుకుని పై రేవులో నడుం లోతు నీళ్ళలో దాటడం మొదలెట్టారు.

"ఆంటీ, ఇంకొచ్చెయ్యి. పడితే పడనీ," అన్నాను ఆదివారం నాడు.

"వ్యాన్లో ఎవరుంటారో నీకు తెలుసా మాస్టారూ? నాకూ తెలీదు. అందుకే."

మంగళవారం పొద్దున హానరబుల్ గారు బహుమతి అందుకోవడానికి రాజధానికి బయల్దేరారు. దారిలో వంతెన మీద ఆగి ఫోటో దిగాలి. సర్టిఫికెట్‌ని ఫలకంగా రాసి బిగించడానికి నన్ను పిలిపించారు. పోలీసులు రెండు పక్కలా వ్యాన్లనీ మనుషుల్నీ ఆపేశారు. వంతెన నడిమధ్యలో హానరబుల్ గారు, సెక్రటరీ అబేకా, అటో నిలబడ్డారు. ఫోటోగ్రాఫరు అవతలి ఒడ్డున ఉన్నాడు. వంతెన మొత్తం పడాలని హానరబుల్ గారే అతన్ని అంత దూరం పంపారు. నేను ఒడ్డు పక్క గోడకి నిచ్చెనేసి ఫలకం బిగిస్తున్నాను.

ఆఫీసు మెసెంజరు క్వామెనా ఒక కవరు పట్టుకుని బురదలోకి దిగాడు.

"ఆరబా బొండ్జీ ఎవరు?"

"రోజూ నా దగ్గరేగా కెంకె తింటావు, క్వామెనా."

"డ్యూటీలో ఉన్నప్పుడు నాకెవరూ తెలీదు ఆంటీ." అతను కవరు చించి చదివాడు. "వంతెన దృఢముగా ఉన్నట్లు రుజువైనందున, దానిని పట్టుకొను ఉద్యోగము రద్దు చేయడమైనది. నేటినుండి మీరు స్తంభమును తాకినచో ప్రభుత్వ ఆస్తిలో జోక్యముగా పరిగణించబడును. టోపీ వాపసు ఇవ్వవలెను."

"టోపీ ఎప్పుడిచ్చారు? సరే, అక్కడ పెట్టి పో."

"చేతికివ్వాలంట. అందినట్టు నేను రాసుకోవాలి."

"నా చేతులు ఖాళీ లేవు నాయనా. పైన వాళ్ళు దాటిపోనీ, తీసుకుంటాను."

"ఇప్పుడే ఇవ్వమన్నారు. ఒక్క కుడిచెయ్యి చాలు ఆంటీ. ఎడంచెయ్యి మాత్రం చాపకు, ప్రభుత్వాన్ని తిట్టినట్టవుద్ది."

ఆంటీ తలెత్తి గట్టిగా కేకేసింది. "హానరబుల్ సార్! ముగ్గురూ ఒడ్డెక్కండి. తర్వాత కాగితం తీసుకుంటాను."

హానరబుల్ గారు పిట్టగోడ మీంచి కిందికి తొంగిచూశారు. "ఇంకా అదే పాటా? నేను నిలబడ్డ వంతెన పడుద్దంటావా?"

"పడుద్ది సార్. దండం పెట్టి చెప్తున్నాను, దిగండి."

"చూశావా అబేకా, బహుమతి రోజున కూడా వదలదు." ఆయన మెసెంజరు వైపు వేలు చూపించారు. "క్వామెనా! మర్యాదగా కుడిచేత్తో పుచ్చుకోమను. ఇప్పుడే, నా కళ్ళముందే. ఇది నా ఆర్డరు!"

"ఆర్డరంట ఆంటీ," అన్నాడు క్వామెనా బిక్కమొహంతో.

ఆంటీ ఆరబా నావైపు తిరిగింది.

"మాస్టారూ, పైన ఇంకెవరన్నా ఉన్నారా?"

నిచ్చెన మీంచి చూశాను. "లేరు ఆంటీ. ముగ్గురే."

"నీళ్ళెంతున్నయి?"

"నడుం దాకా. అడుగున మెత్తటి బురద."

నన్ను నిచ్చెన దిగమంది. క్వామెనాని గట్టు మీదకెక్కి అక్కణ్ణుంచే కాగితం అందించమంది. తర్వాత తనూ ఒక కాలు గట్టు మీద పెట్టి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి స్తంభం మీంచి తీసి, ఎంతో మర్యాదగా కుడిచెయ్యి చాపింది.